టెక్సస్ స్కూల్ బోర్డు పోటీ: మీట్ అండ్ గ్రీట్ భోజనాన్ని లెక్కలో ఎలా చూపాలి?

మే నెలలో జరిగే ట్రస్టీ (స్కూల్ బోర్డు సభ్యుల) ఎన్నికలో నిలబడుతున్న తెలుగు అభ్యర్థి కోసం అడుగుతున్నాను. డబ్బు ముట్టుకోకముందే, ప్రచార లెక్కలు చూసే ట్రెజరర్ నియామక పత్రం ఇచ్చేశాం. విరాళాలు పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల దగ్గరే తీసుకుంటున్నాం. హెచ్‌1బీ వాళ్లు జీతం లేకుండా ఇంటింటికీ తిరగొచ్చు గానీ పది డాలర్లు కూడా ఇవ్వకూడదు. చాలామంది పొరపడేది ఇక్కడే, అందుకే హెచ్‌1బీ వాళ్ల పేరు కూడా ఉన్న జాయింట్ అకౌంట్ చెక్కులు వద్దంటున్నాం.

చిక్కంతా ఓటర్లను కలిసే మీట్ అండ్ గ్రీట్‌లో పెట్టే భోజనం దగ్గరే. కార్పొరేషన్‌గా నమోదైన రెస్టారెంటు బిర్యానీ ట్రేలు ఉచితంగా ఇస్తానంది. అది తీసుకోకూడని కార్పొరేట్ విరాళం అవుతుందని వద్దన్నాం. మరి యజమాని తన సొంత డబ్బుతో పూర్తి ధర కట్టి ఇస్తే, దాన్ని వస్తురూప విరాళంగా రాయొచ్చా? అందరికీ ఇచ్చే క్యాటరింగ్ తగ్గింపు మేమూ తీసుకోవచ్చా? ఎన్నికకు 30 రోజుల ముందు ఇచ్చే రిపోర్టులో ఆ భోజనాన్ని ఎక్కడ చూపాలి? ట్రెజరర్‌గా చేసినవాళ్లు దయచేసి చెప్పండి.