92 కిలోల బరువుతో ఇన్సానిటీ ప్రోగ్రామ్ మొదలుపెట్టొచ్చా? మోకాళ్లు, తిండి సంగతి చెప్పండి

మియాపూర్_మూడో_అంతస్తు:
అందరికీ నమస్కారం. వయసు 34, మగ, ఎత్తు 168 సెం.మీ., బరువు 92 కిలోలు, బొడ్డు దగ్గర కొలిస్తే నడుము 106 సెం.మీ. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. జిమ్‌కి వెళ్లే వీల్లేదు. హాల్లో సోఫా జరిపితే ఏడడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఖాళీ వస్తుంది, కింద టైల్స్. షాన్ టి అనే ట్రైనర్ వీడియోల్లో చేయించే ఇన్సానిటీ అనే 60 రోజుల వ్యాయామ ప్రోగ్రామ్ వచ్చే సోమవారం నుంచి చేద్దామనుకుంటున్నాను. తిండి రోజుకి 1200 క్యాలరీలకు దించాలని ఆలోచన: పొద్దున ఓట్స్, మధ్యాహ్నం రెండు పుల్కాలు కూర, రాత్రి పండ్లు. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు కొంచెం పట్టినట్టు ఉంటుంది, వాపు లేదు. నేరుగా మొదలుపెట్టొచ్చా? రెండు నెలల్లో ఎంత తగ్గుతానని అనుకోవచ్చు?

పిక్కబలం:
సోమవారం మొదలుపెట్టండి, కానీ ఇన్సానిటీతో కాదు. దానికి ముందు నాలుగు వారాల పని ఉంది.

ఆ ప్రోగ్రామ్ ఎలా కట్టారో ముందు చూడండి. మామూలు ఇంటర్వల్ ట్రైనింగ్‌లో కాసేపు గట్టిగా చేసి, అంతకన్నా ఎక్కువసేపు నెమ్మదిగా చేస్తాం. ఇందులో దాన్ని తిరగేశారు: దాదాపు మూడు నిమిషాలు గట్టిగా, 30 సెకన్లు విరామం. వారానికి ఆరు రోజులు. మొదటి నెల వీడియోలు చాలావరకు 40 నిమిషాలకు అటూ ఇటూ. ఐదో వారం కాస్త తేలిక, తర్వాతి నెల ఒక్కోటి గంట దాకా పోతుంది. వార్మప్ కూడా తేలిక కాదు, పది నిమిషాల పాటు వేగం పెంచుకుంటూ జాగింగ్, గెంతడం, మోకాళ్లు పైకి లేపడం. రోజూ కొంతైనా వ్యాయామం చేసేవాళ్లకి ఇది బాగా పనిచేస్తుంది. కుర్చీలోంచి లేచి నేరుగా దూకేవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు.

ఆయాసం అసలు సమస్య కాదు. గుండె, ఊపిరితిత్తులు రెండు మూడు వారాల్లోనే దారికొస్తాయి. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్లకి, ఎముకకి అంత తొందరగా బలం రాదు, నెలలు పడుతుంది. మామూలుగా పరిగెత్తితేనే ఒక్కో అడుగుకి ఒంటి బరువుకి రెండు మూడింతల భారం పడుతుంది. మీ విషయంలో అది ఒక కాలి మీద 200 కిలోల పైమాట. ఎగిరి దిగితే ఇంకా ఎక్కువ. మూడో వారానికి ఆయాసం తగ్గిందని వేగం పెంచుతారు, సరిగ్గా అప్పుడే మోకాలి చిప్ప కింద, కాలి ముందు ఎముక లోపలి అంచున, లేదా పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో నొప్పి బయటపడుతుంది. చాలామంది మధ్యలో ఆపేసేది బద్ధకంతో కాదు, ఈ నొప్పులతో.

ఈ నాలుగు వారాల్లో వారానికి ఐదు రోజులు వేగంగా నడవండి, 25 నిమిషాలతో మొదలుపెట్టి 45 దాకా. మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఇంట్లో బలం పెంచే పని. డైనింగ్ కుర్చీ మీద కూర్చుని లేవడం: చేతులు ఛాతీ మీద కట్టుకుని, మూడు సెకన్లలో నెమ్మదిగా కిందికి, పిర్రలు కుర్చీకి తగలగానే పైకి. మూడు విడతలు, ఒక్కో విడతకి 10. మోకాలు లోపలికి వాలకుండా రెండో కాలివేలు వైపే చూడాలి. మీ కుడి మోకాలు పడుతుంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, లోతు తగ్గుతుంది. వంటగట్టు మీద చేతులు పెట్టి పుషప్స్ 8 నుంచి 12. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం 15. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం 15. వీటిలో దేన్నైనా వదిలేయొచ్చు గానీ ఈ చివరిది వద్దు. ఎగిరే పనిలో చాలా బరువు మోసేది పిక్కే.

నాలుగు వారాలయ్యాక ఇవి చూసుకోండి: 45 నిమిషాలు నడిచినా మర్నాడు కాలి ఎముక నొప్పి లేదు, కుర్చీ స్క్వాట్ (పైన చెప్పిన కూర్చుని లేవడమే) ఏకబిగిన 20, ఒంటి కాలి మీద మడమ ఎత్తడం చెరో 15, ప్లాంక్ (మోచేతులు, మునివేళ్ల మీద ఒళ్లు నిటారుగా పట్టి ఉంచడం) 45 సెకన్లు. నాలుగూ వస్తే ఇన్సానిటీ ఫిట్ టెస్ట్, అంటే ప్రోగ్రామ్ మొదట్లో ఒంటి సత్తా చూసుకునే పరీక్ష, పెట్టుకోండి. రాకపోతే ఇంకో రెండు వారాలు ఇదే.

గోదావరి_గట్టు:
పిక్కబలం గారు చెప్పిన కారణంతో ఏకీభవిస్తాను, నాలుగు వారాలు వీడియో జోలికే పోవద్దనడంతో మాత్రం కాదు. చేయాలన్న ఊపు ఉన్నప్పుడు పూర్తిగా ఆపితే చాలామందికి ఆ ఊపే పోతుంది. రెండు వారాలు ఆయన చెప్పింది చేసి, మూడో వారం నుంచి మొదటి నెల వీడియోలే వారానికి మూడు రోజులు, గెంతకుండా చేయొచ్చు. మిగతా రోజులు నడక.

గెంతకుండా అంటే, ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉండాలి. పవర్ జాక్ (గెంతుతూ కాళ్లు ఎడం చేసి స్క్వాట్‌లోకి దిగడం) బదులు స్క్వాట్‌లోకి దిగి ఒక కాలు పక్కకి, తర్వాత రెండోది. పవర్ జంప్ (స్క్వాట్‌లోంచి పైకి ఎగరడం) బదులు స్క్వాట్ చేసి లేచి మునివేళ్ల మీద నిలబడటం. సూసైడ్ జంప్‌లో (చేతులు నేల మీద ఆనించి కాళ్లు వెనక్కి విసిరి, మళ్లీ లేచి ఎగరడం) కాళ్లు ఒక్కసారిగా వెనక్కి విసరొద్దు. కుడికాలు వెనక్కి, ఎడమకాలు వెనక్కి, మళ్లీ అలాగే ముందుకి. అప్పటికీ నడుము కుంగుతుంటే చేతులు నేలకి బదులు సోఫా అంచు మీద పెట్టండి. హై నీస్ (మోకాళ్లు పైకి లేపుతూ ఉన్నచోటే పరుగు) బదులు గట్టిగా కవాతు. తెర మీద వాళ్ల వేగాన్ని అందుకోవాలని చూడొద్దు, వాళ్లు 10 చేస్తే మీరు 5 చేయండి. విరామం కూడా 30 సెకన్లకు పరిమితం కావాల్సిన పన్లేదు, రిమోట్ చేతిలోనే ఉంది, పాజ్ నొక్కి నిమిషం తీసుకోండి.

నొప్పికి ఒక కొలత పెట్టుకోండి. 10లో 3 దాటకూడదు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థితికి రావాలి. తొడల్లో, పిక్కల్లో రెండు వైపులా సమానంగా ఉండే సలుపు రెండు మూడు రోజుల్లో పోతుంది, భయం లేదు. ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, వాపు, మోకాలు కదలకుండా బిగుసుకుపోవడం లేదా ఉన్నట్టుండి వదిలేయడం, ఇవి వేరు. అప్పుడు ఆపి చూపించుకోవాలి. మీ కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడే పడుతుందంటే చాలాసార్లు తొడ ముందు కండరం, తుంటి పక్క కండరం బలం చాలకపోవడమే. పక్కకి పడుకుని పైకాలు నిటారుగా ఎత్తడం చెరో 15, రెండు విడతలు కలపండి.

టైల్స్ మీద యోగా మ్యాట్ వేసి గెంతొద్దు. పలచగా ఉంటుంది, కిందినుంచి జారుతుంది, పక్కకి కదిలే వ్యాయామాల్లో మడమ మెలిక పడేది అక్కడే. ఒకదానిలో ఒకటి ఇరుక్కునే ఫోమ్ లేదా రబ్బరు పలకలు 12 నుంచి 15 మి.మీ. మందంవి, కాస్త గట్టిగా ఉన్నవి తీసుకోండి. బొటనవేలితో నొక్కితే లోతుగా దిగిపోయే మెత్తటివి వద్దు. బూట్లు వేసుకునే చేయండి. మడమ ఎత్తుగా ఉండే పరుగు బూట్లకన్నా అడుగు చదునుగా, పక్కలు గట్టిగా ఉండే ట్రైనింగ్ బూట్లు మేలు.

మియాపూర్_మూడో_అంతస్తు:
ఇద్దరికీ థాంక్సండీ. రెండు వారాలు బలం, మూడో వారం నుంచి గెంతకుండా అనే దారి పడతాను. ఒక మాట రాయడం మరిచాను: ఏడాదిగా బీపీకి మెటోప్రోలాల్ 25 వేసుకుంటున్నాను. షుగర్ లేదు. నిన్న గట్టిగా నడిచినా, ఆయాసం వచ్చినా వాచ్‌లో గుండె వేగం 118 దాటలేదు. ఇంకా గట్టిగా చేయొచ్చనా దానర్థం?

నాడీ_నిదానం:
కాదండీ, ఇది ముఖ్యం. మెటోప్రోలాల్, అటెనోలాల్ లాంటివి బీటా బ్లాకర్లు, గుండె వేగాన్ని పెరగనివ్వకుండా పట్టి ఉంచుతాయి. 220లోంచి వయసు తీసేసి వాచ్ వేసే లెక్కలు మీకు వర్తించవు. 150 కనబడే దాకా లాగాలని చూస్తే ఒంటి శక్తికి మించి పోతారు. మాటతో కొలవండి: మొదటి నెలంతా చిన్న వాక్యం ఒకటి ఆగకుండా చెప్పగలిగే ఆయాసంలోనే ఉండాలి. రెండు మూడు మాటలకే ఊపిరి ఆగిపోతుంటే వేగం తగ్గించండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, ఉన్నట్టుండి ఆపితే గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరుగుతాయి.

మొదలుపెట్టే ముందు మందు రాసిన డాక్టర్‌కి ప్రోగ్రామ్ వివరం చెప్పండి, "వ్యాయామం చేస్తాను" అంటే ఆయన నడక అనుకుంటారు. గెంతడం, రోజూ 40 నిమిషాలు అని చెబితే ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష ఆలోచిస్తారు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూడండి. పైది 180 గాని కిందది 110 గాని దాటి ఉంటే ఆరోజు వ్యాయామం లేదు, డాక్టర్‌కి ఫోన్. పుషప్స్, ప్లాంక్‌లో ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఎగిరేది అప్పుడే. అయిపోగానే సోఫాలో కూలబడకుండా ఐదు నుంచి పది నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ తిరగండి, లేకపోతే కళ్లు తిరుగుతాయి.

ఛాతీలో బిగింపు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, స్పృహ తప్పినట్టు అనిపించడం, వీటిలో ఏది వచ్చినా ఆసుపత్రికే. ఇంకొకటి చాలామందికి తెలియదు. అలవాటు లేని ఒంటితో మొదటి రోజే విపరీతంగా చేస్తే కండరం చితికి, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. తొడలు చేతులు బాగా వాచి, మూత్రం కోలా రంగులోకి వస్తే అదే గుర్తు. నీళ్లు తాగి చూద్దామని ఇంట్లో కూర్చోవద్దు, ఆరోజే చూపించుకోవాలి. ఎండాకాలం తలుపులు మూసిన గదిలో చేస్తే ఈ ప్రమాదం పెరుగుతుంది.

పెసరట్టు_ఉప్మా:
తిండి గురించి ఎవరూ రాయలేదు, అసలు బరువు తగ్గేది అక్కడే.

1200 మీకు చాలా తక్కువ. మిఫ్లిన్ సూత్రం ప్రకారం పడుకుని ఉన్నా మీ ఒంటికి కావలసింది: 10×92 + 6.25×168 − 5×34 + 5, అంటే 1805. కుర్చీ పని, దానికి వ్యాయామం కలిపితే సుమారు 2500. అందులో 500 తగ్గించండి, 2000 దగ్గర ఉండండి. కిలో కొవ్వుకి 7700 క్యాలరీలు లెక్కేస్తే నెలకి రెండు కిలోల చొప్పున, రెండు నెలల్లో నాలుగు. యాప్‌లో చూపించే 10, 12 కిలోలు మనసులోంచి తీసేయండి. 1200 తిని ఇన్సానిటీ చేస్తే పదిరోజుల్లో నిద్ర చెడుతుంది, కండ కరుగుతుంది, రాత్రి పదింటికి మిక్చర్ డబ్బా చేతిలో ఉంటుంది.

ఓట్స్, పుల్కా, పండ్లలో లోటు ప్రోటీన్. రోజుకి 100 గ్రాములకు పైన పెట్టుకోండి. మన తిండిలోనే వస్తుంది. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, రెండు గుడ్లు: 26 గ్రాములు. మధ్యాహ్నం 80 గ్రాముల బియ్యం అన్నం, 40 గ్రాముల కందిపప్పు, 150 గ్రాముల చికెన్, ఓ కప్పు పెరుగు: 50 పైన. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు, మజ్జిగ: 7. రాత్రి రెండు పుల్కాలు, 30 గ్రాముల మీల్‌మేకర్ కూర: 22. బియ్యం, పప్పు వండకముందే తూకం వేయండి. వండాక నీళ్లు కలిసి లెక్క తప్పుతుంది. బీపీ ఉంది కాబట్టి ఊరగాయ, అప్పడం, ఉప్పు చేప తగ్గించండి.

నూనె లెక్క ప్యాకెట్ల మీద చూడండి, అది అబద్ధం చెప్పదు. లీటరు నూనెలో 8000 పైచిలుకు క్యాలరీలు. నలుగురున్న ఇంట్లో నెలకి ఆరు లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకి 400 క్యాలరీలు నూనెలోంచే వస్తున్నట్టు. నాలుగు లీటర్లకు దించితే 270. మీరు వీడియో ముందు 40 నిమిషాలు చెమటోడ్చి ఖర్చు చేసే 400 చిల్లరలో మూడో వంతుకి సమానం అలా నూనె తగ్గించడంతోనే ఆదా అవుతుంది. వాచ్‌లో "650 ఖర్చు" అని చూసి అంత తినేయొద్దు, ఆ అంకెలు తరచూ ఎక్కువే చూపిస్తాయి.

మొదటి రెండు వారాల్లో తూకం కిలో కిలోన్నర పెరగొచ్చు. కొత్త పనికి కండరాలు నీరు పట్టడం వల్ల అది, కొవ్వు కాదు. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు చూసుకుని వారం సగటు రాయండి. నడుము 15 రోజులకోసారి, బొడ్డు దగ్గరే, ఊపిరి వదిలాక. మూడు వారాల సగటు కదలకపోతే అప్పుడు తిండిలో 150 తగ్గించండి, అంతకుముందు వద్దు.

మియాపూర్_మూడో_అంతస్తు:
చాలా స్పష్టంగా ఉంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ శనివారానికి తీసుకున్నాను. చివరిగా ఒకటి: కింద ఫ్లాట్‌లో పెద్దవాళ్లున్నారు. తర్వాతెప్పుడైనా గెంతడం మొదలుపెట్టాలంటే ఎలా?

పిక్కబలం:
మొదట ఒక వ్యాయామం మాత్రమే, ఒక విడతకి 10 గెంతులు, వారానికి రెండు రోజులు. వారం వారం మరో 10 కలపండి. దిగేటప్పుడు మునిపాదం ముందు తగిలి, తర్వాత మడమ, మోకాళ్లు, తుంటి మెత్తగా వంగాలి. చప్పుడు వినండి: 'ధబ్' అని వస్తే కింది ఫ్లాట్‌కీ ఇబ్బందే, మీ మోకాలికీ దెబ్బే, అలసిపోయారని అర్థం, ఆ విడత అక్కడే ఆపేయాలి. రబ్బరు పలకల కింద పాత దుప్పటి పరచొద్దు, జారుతుంది. పొద్దున ఆరుకి ముందు, రాత్రి తొమ్మిది తర్వాత గెంతడం లేని భాగాలు పెట్టుకోండి. శనివారం డాక్టర్ ఏమన్నారో ఇక్కడ రాయండి, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తే ఫలితం చూశాక మూడో వారం వీడియోలు ఏ వరసలో చేయాలో చెబుతాను.