బ్రేకర్ బయటికి వచ్చినట్టు బోయింగ్ 767 కాక్‌పిట్‌లో తెలియదా?

2011 నవంబర్ 1న నెవార్క్ నుంచి వార్సాకు వచ్చిన పోలండ్ విమానయాన సంస్థ లాట్ వారి బోయింగ్ 767 (ఫ్లైట్ 16) 231 మందితో, చక్రాలు దిగకుండానే రన్‌వేపై పొట్ట ఆనించి దిగింది. ఒక్కరికీ గాయం కాలేదు. కెప్టెన్ తదేవుష్ వ్రోనా నైపుణ్యానికి ఎంత మెచ్చుకున్నా తక్కువే.

నాకు అర్థం కానిది అంతకు ముందు జరిగిన సంగతి. బయలుదేరిన కొద్దిసేపటికే ద్రవం ఒత్తిడితో చక్రాలను దించే సెంటర్ హైడ్రాలిక్ వ్యవస్థలో ద్రవం కారిపోయింది. అలాంటప్పుడు ప్రత్యామ్నాయ స్విచ్ నొక్కితే విద్యుత్ మోటారు తాళాలు విడదీస్తుంది, చక్రాలు సొంత బరువుతో కిందికి జారుతాయి. ఆ రోజు అదీ పనిచేయలేదు. సీ829 అనే సర్క్యూట్ బ్రేకర్ (కరెంటును ఆపే రక్షణ మీట) బయటికి వచ్చి ఉంది, అందుకే ఆ మోటారుకు కరెంటు అందలేదు. తర్వాత విమానాన్ని పైకెత్తి, బ్రేకర్ నొక్కి, స్విచ్ వేస్తే చక్రాలు మామూలుగానే దిగాయి! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంట్లోని సిమ్యులేటర్‌లో నాలుగు సార్లు ప్రయత్నించాను. సెంటర్ హైడ్రాలిక్ ఒత్తిడిని సున్నా చేసి స్విచ్ వేస్తే ప్రతిసారీ చక్రాలు దిగుతున్నాయి, ఎందుకంటే అందులో బ్రేకర్లు ఉత్త బొమ్మలే. దర్యాప్తు నివేదిక రెండు సార్లు చదివాను, వైరింగ్ భాగం నా బుర్రకు ఎక్కలేదు. ఆ బ్రేకర్ కో-పైలట్ కుడి పక్కన, నేలకు దగ్గరగా ఉంటుందని మాత్రం తెలిసింది.

767పై పనిచేసిన పైలట్లు, ఇంజనీర్లు దయచేసి చెప్పండి: సీ829 బయటికి వస్తే తెరపై ఏదైనా హెచ్చరిక కనిపిస్తుందా, లేక కంటితో వెతికి చూస్తేనే తెలుస్తుందా?