పెళ్లి పేజీలో కౌంట్‌డౌన్ టైమర్: డల్లాస్‌లో 11:30 గంటలు ఎక్కువ చూపిస్తోంది

ప్రశ్న:
నమస్కారం అండీ. ఫిబ్రవరిలో మా అక్క పెళ్లి. శుభలేఖ పేజీలో ముహూర్తానికి టైమర్ పెట్టాను. ముహూర్తం ఉదయం 10:42. గుంటూరులో సరిగ్గానే ఉంది. డల్లాస్‌లో మా బాబాయి తెరిస్తే 11 గంటల 30 నిమిషాలు ఎక్కువ చూపిస్తోంది. పైగా ఫోన్ లాక్ చేసి తీస్తే టైమర్ వెనకబడుతోంది, పేజీ మళ్లీ తెరిస్తే సరవుతోంది. బంధువులందరికీ లింక్ పంపేశాను, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
కంగారు పడకండి, రెండూ చిన్న సవరణలే. మీరు తేదీ, సమయం మాత్రమే రాసి ఉంటారు. అప్పుడు బ్రౌజర్ దాన్ని ఆ ఊరి సమయంగా తీసుకుంటుంది, అంటే మీ బాబాయి ఫోన్ డల్లాస్‌లో 10:42 కోసం ఎదురుచూస్తోంది. సమయం చివర ఖాళీ వదలకుండా +05:30 (ఇది భారత సమయం అని బ్రౌజర్‌కి చెప్పే గుర్తు) చేర్చండి. ఐఎస్‌టీ అని అక్షరాలు రాయొద్దు. ఇజ్రాయెల్, ఐర్లండ్ సమయాలకూ అదే పొట్టిపేరు.

రెండోది అసలైన తప్పు, చాలామంది చేసేదే. మిగిలిన సెకన్లను ఒకసారి లెక్కగట్టి, సెట్‌ఇంటర్వెల్‌తో (ఒక పనిని నిర్ణీత వ్యవధికోసారి నడిపే జావాస్క్రిప్ట్ ఆదేశం) సెకనుకి ఒకటి తగ్గిస్తున్నారు కదా? ట్యాబ్ కనబడనప్పుడు బ్రౌజర్ బ్యాటరీ కోసం ఆ పనిని నెమ్మదింపజేస్తుంది. క్రోమ్‌లో దాగి ఉన్న ట్యాబ్‌కి ఒక్కోసారి నిమిషానికి ఒక్కసారే అవకాశం వస్తుంది. ఫోన్ లాకైతే పూర్తిగా ఆగిపోవచ్చు. అందుకే తగ్గించడం మానేయండి. ప్రతిసారీ ముహూర్త సమయాన్ని మిల్లీసెకన్లలో తీసుకుని, అందులోంచి డేట్ డాట్ నౌ (ఇప్పటి సమయాన్ని మిల్లీసెకన్లలో చెప్పే ఆదేశం) ఇచ్చే విలువను తీసేసి, వచ్చినదాన్ని 1000తో భాగించండి, మిగిలిన సెకన్లు వస్తాయి. మధ్యలో ఎన్ని సెకన్లు తప్పినా తర్వాతి లెక్క సరిగ్గానే వస్తుంది. రోజులకు 86400తో, మిగిలినదాంట్లో గంటలకు 3600తో, నిమిషాలకు 60తో భాగిస్తే చాలు.

ప్రశ్న:
+05:30 పెట్టగానే బాబాయికి సరిపోయిందండీ! లాక్ తీశాక కూడా బాగుంది. కానీ పరీక్షకి సమయం దాటించి చూస్తే మైనస్ అంకెలు వస్తున్నాయి.

జవాబు:
తేడా సున్నా లేదా అంతకంటే తక్కువైతే క్లియర్‌ఇంటర్వెల్‌తో (సెట్‌ఇంటర్వెల్‌ని ఆపే ఆదేశం) టైమర్ ఆపేసి, అంకెల చోట మీకు నచ్చిన శుభాకాంక్ష పెట్టండి. పేజీ తెరిచిన వెంటనే కూడా ఒకసారి ఈ లెక్క నడపండి. లేకపోతే ముహూర్తం అయ్యాక వచ్చినవాళ్లకి మొదటి సెకను ఖాళీ పెట్టె కనిపిస్తుంది. మీ అక్కగారికి మా అందరి ఆశీస్సులు చెప్పండి.