విశాఖ నుంచి కడపకు 22 మంది తిరుగు ప్రయాణం: నలుగురి టికెట్లు వెయిటింగ్‌లోనే ఉన్నాయి

అందరికీ వందనాలు. కడప నుంచి మా సంఘం యువత 22 మంది సువార్త పని మీద అరకు దగ్గరి పల్లెకు వచ్చినాము. ఆదివారం ఆరాధన కాగానే వీడ్కోలు కూడిక, ప్రేమవిందు. సోమవారం మధ్యాహ్నం విశాఖలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి.

ఒక పీఎన్ఆర్‌లో (టికెట్ బుకింగ్ నంబరు) 6 మందికి మించి తీసుకోరు కాబట్టి 6, 6, 6, 4గా స్లీపర్ తీసినాము. మొదటి మూడూ కన్ఫర్మ్. ఆఖరుది వెయిటింగ్ 41 నుంచి 44, పది రోజులుగా కదల్లేదు. నలుగురివీ వెయిటింగే అయితే చార్ట్ (సీట్ల ఆఖరి జాబితా) పడగానే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయిపోతుంది.

వికల్ప్ (వెయిటింగ్ వాళ్లకు వేరే బండిలో సీటు చూసే ఏర్పాటు) పెట్టినాము, వేరే బండి చూపలేదు. స్లీపర్ తత్కాల్ ముందురోజు 11 గంటలకు, అంటే సరిగ్గా ఆరాధన వేళకు. ఇక్కడ సిగ్నల్ ఒక్క గీత. నిన్న వేరే తేదీకి పెట్టి చూస్తే ఓటీపీ వచ్చేసరికే సీట్లు అయిపోయినాయి.

కీబోర్డు, రెండు స్పీకర్ బాక్సులు, ఊరివాళ్లు ఇచ్చే పసుపు, కాఫీ గింజల సంచులు (వద్దంటే నొచ్చుకుంటారు) రైల్లోనే పోతాయి. స్లీపర్‌లో మనిషికి 40 కేజీలు ఉచితం, 18 మందికి సరిపోతుంది. నలుగురూ చేతిసంచులతో ఆదివారం రాత్రే విశాఖ నుంచి విజయవాడకు బస్సులో పోవాలనుకుంటున్నారు.

ఈ మధ్య ఆ దారిన పోయినవాళ్లు చెప్పండి: సోమవారం పొద్దున విజయవాడలో దిగితే కడపకు నేరుగా బస్సు కోసం ఆగడం మేలా, నంద్యాలలో మారి పోవడం మేలా?