ఎన్8ఎన్ కోసం తేలికైన కుబెర్నెటిస్: ఏది పెట్టుకోవాలి?

గోదారిగట్టు
రాజమండ్రిలో మా బాబాయికి ఎరువుల షాపు ఉంది. గూగుల్ షీట్‌లోంచి బాకీల లిస్టు తీసి, రోజూ పొద్దున 9కి ఆయనకి మెయిల్ వెళ్లేలా ఎన్8ఎన్‌లో (పనులు వాటంతటవే జరిగేలా కలిపే సాఫ్ట్‌వేర్) వర్క్‌ఫ్లో చేశాను. ఇప్పుడది నా లాప్‌టాప్‌లో నడుస్తోంది. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు వేసి దాని మీదికి మారుద్దామని ఉంది. కంటైనర్లలో పెట్టిన ప్రోగ్రామ్‌లను నడిపి చూసుకునే కుబెర్నెటిస్‌కి తేలికైన రూపాలు కె3ఎస్, మైక్రోకె8ఎస్, కె0ఎస్‌లలో ఏది మేలు?

ఓరుగల్లు_నెట్
ఒక్క మెషీన్, ఒక్క ఎన్8ఎన్ అంటే డాకర్ కంపోజ్ (ఒకే మెషీన్‌లో కంటైనర్లు నడిపే సాధనం) సరిపోతుంది తమ్ముడూ. కుబెర్నెటిస్ నేర్చుకోవాలని నిజంగా ఉంటేనే ఇటు రా.

గోదారిగట్టు
నేర్చుకోవాలనే అన్నా. ఆఫీసులోనూ అవసరం పడుతోంది.

సిరి_ఆప్స్
అయితే కె3ఎస్ పెట్టుకోండి. ఒకే బైనరీ (ప్రోగ్రామ్ ఫైలు), 100 ఎంబీ లోపే. ఒక్క నోడ్ (మెషీన్) అయితే తన సమాచారం దాచుకోవడానికి ఎట్‌సీడీ బదులు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాడుతుంది కాబట్టి పాత డిస్కు మీద భారం తక్కువ. ఇన్‌గ్రెస్‌కి (బయటి నుంచి వచ్చే వెబ్ రిక్వెస్టులను లోపలికి పంపడానికి) ట్రెఫిక్ (Traefik) అనే ప్రోగ్రామ్, స్టోరేజ్‌కి మెషీన్ డిస్కులోనే ఫోల్డర్ ఇచ్చే లోకల్ పాత్ దాంతోపాటే వస్తాయి. కె0ఎస్‌లో ఆ రెండూ మనమే పెట్టుకోవాలి. మినీక్యూబ్, కైండ్ అనే మరో రెండు ప్రాక్టీసుకి బాగుంటాయి గానీ రోజూ నడిచే పనికి నేను పెట్టను.

బెజవాడ_లైనక్స్
నేను మైక్రోకె8ఎస్ వాడుతున్నా, ఇబ్బందేమీ లేదు. ఉబుంటు వాళ్ల స్నాప్ ప్యాకేజీ కాబట్టి దానంతటదే అప్‌డేట్ అవుతుంది. ఆ టైమ్ ఏదో మీరే ముందు సెట్ చేసుకోండి.

పాలమూరు_పాడ్
ఏది పెట్టినా స్టోరేజ్ సంగతి ముందు చూసుకోండి. నా అనుభవం చెప్తా. కె3ఎస్‌లో ఏదో సరిచేద్దామని పీవీసీ (ప్రోగ్రామ్‌కి డిస్కులో చోటు అడిగే రికార్డు) డిలీట్ చేసి మళ్ళీ అప్లై చేశాను. లోకల్ పాత్‌లో రీక్లెయిమ్ పాలసీ (పీవీసీ పోతే డేటాని ఏం చేయాలనే సెట్టింగు) మామూలుగా డిలీట్ అనే ఉంటుంది. పీవీసీతో పాటు డిస్కు మీదున్న ఫోల్డర్ కూడా పోయింది. డేటాబేస్ వేరుగా పోస్ట్‌గ్రెస్‌లో ఉంది కాబట్టి వర్క్‌ఫ్లోలు దక్కాయి. హమ్మయ్య అనుకుని లాగిన్ అయితే ఒక్క క్రెడెన్షియల్ (సేవ్ చేసిన లాగిన్ వివరాలు) కూడా తెరుచుకోలేదు! వాటిని తెరిచే ఎన్‌క్రిప్షన్ కీ ఆ పోయిన ఫోల్డర్‌లోనే ఉంది, పాడ్ (ఎన్8ఎన్ కంటైనర్ నడిచే యూనిట్) లేవగానే కొత్త కీ తయారు చేసుకుంది. పాతవాటికి ఆ కీ పనిచేయదు. గూగుల్, టెలిగ్రామ్, మెయిల్ అన్నీ మళ్ళీ కలిపేసరికి రాత్రి రెండయింది. అందుకే కీ మీరే ఇవ్వండి, కుబెర్నెటిస్ సీక్రెట్‌లో (పాస్‌వర్డుల లాంటివి పెట్టే చోటు) పెట్టండి, ఒక కాపీ క్లస్టర్ బయట దాచండి. రెప్లికా (నడిచే పాడ్ కాపీ) ఒక్కటే ఉండాలి, అప్‌డేట్ స్ట్రాటజీ రీక్రియేట్ (పాత పాడ్ ఆగాకే కొత్తది లేస్తుంది). రెండు పాడ్‌లు నడిస్తే షెడ్యూల్ పని రెండుసార్లు జరిగే ప్రమాదం ఉంది, బాకీ మెయిల్ బాబాయికి రెండు వస్తాయి.

గోదారిగట్టు
కె3ఎస్ పెట్టేశాను, అందరికీ థాంక్స్. అరగంట కూడా పట్టలేదు. కానీ 9 గంటల మెయిల్ నిన్న సాయంత్రం ఆరున్నరకి వచ్చింది. సర్వర్ టైమ్ సరిగ్గానే ఉంది మరి.

సిరి_ఆప్స్
అది న్యూయార్క్‌లో పొద్దున 9. ఎన్8ఎన్ మామూలుగా ఆ టైమ్‌జోన్‌నే తీసుకుంటుంది. డిప్లాయ్‌మెంట్‌లో (పాడ్ ఎలా నడవాలో చెప్పే సెట్టింగులు) జెనెరిక్ టైమ్‌జోన్ అనే వేరియబుల్‌కి ఆసియా/కోల్‌కతా ఇవ్వండి.

గోదారిగట్టు
ఈ రోజు సరిగ్గా 9కి వచ్చిందండి. షాపు తెరిచేసరికి లిస్టు ఫోన్‌లో ఉందని బాబాయి తెగ సంతోషపడ్డారు. ఎన్‌క్రిప్షన్ కీ కాగితం మీద రాసి షాపు బీరువాలో పెట్టించాను.