సమస్య: శూన్యమందు మ్రోగె జోడు డప్పు

నిర్వాహకుడు: నిన్న ఇంట్లో స్టార్ వార్స్ చూస్తుంటే అంతరిక్షంలో ఓడ పేలి కిటికీలు అదిరాయి. గాలి లేనిచోట చప్పుడేమిటని మా అబ్బాయి, వాళ్ళ బాబాయి అన్నం చల్లారేదాకా వాదించుకున్నారు. 1977 నుంచి తెగని తగువు. నాకు సిరిమాను నాటి డప్పులు గుర్తొచ్చి ఈ పాదం కుదిరింది. పూరించండి.

బొబ్బిలి వీణ:
పేలె నోడ నింగి, పెనుమోత లేకున్న
వీరు డెట్లు తెలియు వెనుక ముప్పు?
యంత్ర మతని చెవికి నందించె చప్పుడు
శూన్యమందు మ్రోగె జోడు డప్పు
ఓడలోని యంత్రమే పైలట్ కోసం చప్పుడు పుట్టిస్తుందని కొందరు అభిమానులు అంటారు. దాన్నే పట్టుకున్నాను.

గంటస్తంభం: "వెనుక ముప్పు" చాలా బాగుంది అన్నా. కానీ మూడో పాదంలో యం, నం. పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరం, అదే యతి, తప్పింది.

బొబ్బిలి వీణ: తప్పలేదు తమ్ముడూ. చెవికిన్ + అందించె. అచ్చుకే వేశాను.

గంటస్తంభం: అవును, మాట చివరి 'న్', ఆ ద్రుతం చూసుకోలేదు.

నాగావళి గట్టు: యతి సరే, శూన్యం ఏది గురువుగారూ? ఓడలో గాలి ఉంది. డప్పును అక్కడికి తెచ్చి సమస్యను దాటేశారు. పోయిన నెలా ఇంతే. స్టార్ వార్స్‌లో పైలట్ హాన్ సోలో ఒక దారిని పన్నెండు పార్సెక్కుల్లోపే దాటానన్న మాట పట్టుకుని పార్సెక్కును కాలం చేశారు. అది దూరం, సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. నా పూరణ:
వాయు వున్న చోట వలయాలు పుట్టగా
పర్సియస్సు పాడె పాట యొకటి
యేబదేడు మెట్ల నింక దిగెను చూడ
శూన్యమందు మ్రోగె జోడు డప్పు
మనం శూన్యం అనుకునే చోటంతా శూన్యం కాదు. పర్సియస్ గెలాక్సీల గుంపు నిండా వేడి వాయువు ఉంది. అక్కడి కృష్ణబిలం రేపిన పీడన తరంగాలను చంద్రా టెలిస్కోప్ పట్టుకుందని 2003లో ప్రకటించారు. ఆ స్వరం పియానో నడిమి 'సి'కి 57 స్థాయిల (ఆక్టేవుల) దిగువన ఉంది.

బొబ్బిలి వీణ: పార్సెక్కు తప్పు నాదే, ఆ రోజే ఒప్పుకున్నాను. 2018 నాటి 'సోలో' సినిమాలో దాన్ని దగ్గరిదారి అని సర్దారు. ఆ సర్దుబాటు నాకు ఈనాటికీ నచ్చలేదు. మీ ఊహ నాకంటే పైది, మనసారా అంటున్నాను. కానీ "మెట్లు" అన్నారే! వీణకు 24 మెట్లు, రెండు స్థాయిలు. 57 మెట్లంటే ఐదు స్థాయిలైనా నిండవు. బొబ్బిలివాణ్ణి, ఇది వదలలేను. పైగా పాట ఒక్కటేగా, జోడు ఏది?

నాగావళి గట్టు: మెట్లు తప్పే. జోడు మాత్రం ఉంది. 2022లో నాసా ఆ తరంగాలను వినిపించినప్పుడు 57 స్థాయిలు, 58 స్థాయిలు పెంచి రెండూ కలిపింది.

గంటస్తంభం: అది వ్యాఖ్యలో ఉంది, పద్యంలో లేదు.

నాగావళి గట్టు: అయితే మూడో పాదం ఇలా మార్చండి:
యేబదేడు, పిదప నెనిమిది స్థాయిలన్

బొబ్బిలి వీణ: "ఎనిమిది" అంటే యాభై ఎనిమిదని తట్టడానికి నాకు రెండుసార్లు చదవాల్సి వచ్చింది. అయినా ఈ పాదమే ఉంచండి.