ఎయిర్ రైఫిల్ స్కోప్‌కి పన్నెండు వేలు పెట్టాలా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
కొబ్బరితోటలో కాగితం టార్గెట్లు కొట్టుకునే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ నాది. రెండు వేలకి కొన్న 3-9 ఇంటూ 40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు దగ్గరగా చూపే గురి దుర్భిణి, ముందు అద్దం 40 మి.మీ.) నెల తిరక్కుండానే జీరో తప్పుతోంది, అంటే సరిచేసి పెట్టిన గురి పక్కకి పోతోంది. షాపతను పన్నెండు వేలది చూపిస్తున్నాడు. ఇంట్లోనేమో "దాంతో మేక వస్తుంది" అంటున్నారు.

బరంపురం నుంచి:
తమ్ముడూ, స్ప్రింగ్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా తంతుంది. వెనక్కి మాత్రమే తన్నే పెద్ద తుపాకీకి చేసిన స్కోప్ ఎంత ఖరీదైనదైనా దీని మీద పాడైపోవచ్చు. ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని రాసుందా చూడు. వేట స్కోపుల్లో పారలాక్స్, అంటే కన్ను కదిపితే గురి గీత జరిగినట్టు కనబడే తేడా, మామూలుగా 100 గజాల దగ్గర లేకుండా పెడతారు, నువ్వు కొట్టేది పది, ఇరవై మీటర్లు. 10 గజాలంత దగ్గరికి కూడా దాన్ని సర్దుకునే రింగు ఉండాలి. అన్నట్టు, స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే మౌంట్ స్క్రూలు చూశావా? నేను స్కోప్‌ని నెల రోజులు తిట్టుకున్నాక తెలిసింది, జారింది మౌంట్ అని.

రాయగడ నుంచి:
ఎక్కువ డబ్బు పెడితే గాజు బాగుంటుంది, మసక చీకట్లో ఆ తేడా తెలుస్తుంది. అది వేటకి అనుమతి ఉన్న దేశాల వాళ్లకి అక్కర. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మనకి వేటేది? మిట్టమధ్యాహ్నం కాగితం కొట్టడానికి అంత గాజెందుకు?

పర్లాకిమిడి:
అన్నా, రెండు స్క్రూలు లూజే! ఇంట్లో ఇంకా చెప్పలేదు.